వకీలు సాబు రేడియోగ్రామ్

(పింఛనుదారుల దినం సందర్భంగా నారాయణఖేడ్‌లో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన డిసెంబరు 17న ఇదే సభలో లైఫ్ సర్టిఫికెట్ గురించి ముప్పావు గంట విన్నాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు కాకుండా వేరే ఏమైనా చెప్పండి, భోజనాల వేళకు ముగించండి" అన్నారు. నాకు కొద్దో గొప్పో తెలిసినవి రెండే. ఒకటి తపాలా శాఖ. రెండు పాత రేడియో పెట్టెలు. ఈ రెండూ ఒకప్పుడు ఒకే కౌంటరు దగ్గర కలిసేవి గనుక అక్కడి నుంచే మొదలు పెడతాను.

ఇంట్లో రేడియో పెట్టుకోవడానికి లైసెన్సు కావలసి వచ్చేదంటే నా మనవడు నమ్మడు. మీలో సగం మందికి గుర్తుండే ఉంటుంది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కింద రేడియో ఉన్న ప్రతి ఇల్లూ ఏటా పోస్టాఫీసుకు వచ్చి రుసుము కట్టాలి. నేను 1974లో గుమాస్తాగా చేరేనాటికి ఇంటి రేడియోకు ఏడాదికి 15 రూపాయలు. పాస్‌బుక్కు లాంటి చిన్న పుస్తకం ఇచ్చేవాళ్ళం. అందులో దాని కోసమే అచ్చువేసిన స్టాంపులు అంటించి, మీద తేదీ ముద్ర కొట్టేవాళ్ళం. ముద్ర సరిగ్గా పడకపోతే, "సరిగ్గ గుద్దు సారూ, రేపు ఇన్‌స్పెక్టర్ వస్తే ఎట్ల?" అని వెనక్కి ఇచ్చినవాళ్ళున్నారు. 1980ల మధ్యలో ఆ లైసెన్సులు రద్దయ్యాయి.

ఆ కౌంటరులో కూర్చుని నేను ఒక సంగతి గమనించాను. పుస్తకంలో రాయడానికి సెట్టు ఏ కంపెనీదో అడిగేవాణ్ణి. మర్ఫీ అనో, ఫిలిప్స్ అనో, బుష్ అనో ఒక్క మాట చెబితే చాలు. కాని ఒక్కరూ ఒక్క మాటతో ఆపేవారు కాదు. "పెద్దది సారూ, శీశం కట్టె, అద్దం లెక్క మెరుస్తది, ముందట బంగారు గుడ్డ ఉన్నది" అనేవారు. ఎట్లా పలుకుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. రేడియో వినే వస్తువని మనం అనుకుంటాం గాని, కొన్నవాడు ముందు చూసి కొంటాడు, తరువాత వింటాడు. ఇది మన ఖేడ్‌కే పరిమితం కాదు. గ్రామఫోను కొత్తలో పెద్ద తూటు పువ్వులాంటి కొమ్ము బయటికి ఉండేది. అమెరికాలో విక్టర్ కంపెనీ వారు 1906లో ఆ కొమ్మును బీరువా లోపల దాచి విక్ట్రోలా అని అమ్మారు. మరమనిషి లాంటి యంత్రం కాస్తా ముందుగదిలో పెట్టుకునే సామాను అయిపోయింది, ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. సరిగ్గా యాభై ఏళ్ళకు, 1956లో, జర్మనీ బ్రౌన్ కంపెనీ వారు దాన్ని తిరగేశారు. పళ్ళెం, మీటలు అన్నీ కనబడేటట్టు పైన పారదర్శకమైన మూత పెట్టారు. నలుగురూ నవ్వి దానికి స్నోవైట్ శవపేటిక అని పేరు పెట్టారట. ఇవాళ మన పిల్లలు కొనే టర్న్‌టేబుళ్ళలో చాలావాటికి అలాంటి మూతే.

సరే, ఇక వకీలు సాబు సంగతి.

ఉద్యోగంలో చేరినప్పుడు నేను ఆయన ఇంట్లోనే ముందుగదిలో అద్దెకు ఉన్నాను. పేరు చెప్పను, వారి పిల్లలు, మనవళ్ళు ఉన్నారు. ఆయన చదువంతా ఉర్దూలో. నారాయణఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది గదా, అప్పటి పరిచయాల వల్ల కన్నడం, మరాఠీ కూడా దంచి మాట్లాడేవారు. 1963లో హైదరాబాదు నుంచి, జోగిపేట మీదుగా, లారీలో గడ్డి పరిచి ఒక రేడియోగ్రామ్ తెప్పించారు. ఆ డబ్బుతో రెండు జతల ఎడ్లు వచ్చేవని ఊళ్ళో చెప్పుకునేవారు. నేను చూసేనాటికి దానికి పదకొండేళ్ళు.

రేడియోగ్రామ్ అంటే కొందరికి తెలియకపోవచ్చు. నడుమెత్తు చెక్క బీరువా. ఒకవైపు రేడియో, పక్కన మూత ఎత్తితే రికార్డు ఛేంజరు. ఒకదాని మీద ఒకటి పేర్చిన రికార్డులను అదే ఒక్కొక్కటిగా కిందికి వదిలి పాడిస్తుంది. కింద రికార్డుల అర. ముందు నూలూ జరీ కలిపి నేసినట్టుండే గుడ్డ, దాని వెనక స్పీకరు. పైభాగమంతా రోజ్‌వుడ్ పొర, మీద పాలిష్. సాయంత్రం వాకిట్లోంచి ఎండ పడితే చెక్కలోని గీతలు నీటి కింద ఉన్నట్టు కనిపించేవి. మీట తిప్పితే ఓ నిమిషం ఏమీ ఉండదు. లోపల వాల్వులు వేడెక్కాలి. తరువాత అద్దం వెనక పసుపు వెలుగు, మధ్యలో ఆకుపచ్చ కన్ను. స్టేషను సరిగ్గా దొరికితే ఆ కన్ను మూసుకున్నట్టయ్యేది. అద్దం మీద ఢిల్లీ, సిలోన్, మద్రాసు, హైదరాబాద్ అని ఇంగ్లీషులో పేర్లు.

ఆ పేర్లు చదవడం వకీలమ్మ గారికి రాదు. ఆ సెట్టును వాడింది మాత్రం ఆమే. వకీలు సాబుకు కోర్టు, తరువాత పేకాట. ఆమె ఏం చేసిందంటే, అద్దం కింది చెక్క అంచు మీద దబ్బనంతో మూడు చిన్న గాట్లు పెట్టుకుంది. మొదటిది హైదరాబాదు. రెండోది సిలోన్, మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు పాటల కోసం. మూడోది వివిధ భారతి. ముల్లు గాటుకు ఎదురుగా వస్తే చాలు. ఎర్ర ఊలుతో అల్లిన గుడ్డ ఒకటి పైన కప్పేది. పెట్టిన వెంటనే ఆ గుడ్డ తీసి పక్కన మడిచి పెట్టేది. ఎందుకమ్మా అంటే, "దానికి ఉక్కపోస్తది బిడ్డా" అంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. వాల్వు సెట్టుకు పైన, వెనక గాలి ఆడకపోతే లోపల వేడికి మైనం కరిగిపోతుంది. ఇవాళ లక్షలు పోసి కొన్న ఆంప్లిఫయర్ల మీద పూలకుండీలు పెట్టేవాళ్ళకు ఆ సంగతి తెలియదు.

వకీలు సాబు 1979లో పోయారు. మరుసటి సంవత్సరం లైసెన్సు గడువు తీరినప్పుడు వకీలమ్మ గారే కొంగున పదిహేను రూపాయలు ముడేసుకుని కౌంటరుకు వచ్చారు. పుస్తకం ఆయన పేరు మీద ఉంది. యజమాని పోతే పుస్తకం వారసుల పేరిట మార్చాలి. నేను ఆ మాటే చెప్పాను. "పేరు తీసెయ్యకు బిడ్డా, ఆయనదే ఉండనీ" అన్నారు. ఆమె ముఖం చూసి నేను కాదనలేకపోయాను. పాత పేరు మీదే స్టాంపులు అంటించి ముద్ర కొట్టాను. మరుసటి ఏడు కూడా అంతే. మంచిపని చేశాననే అనుకున్నాను.

1981 వేసవిలో వాటాలు జరిగాయి. పెద్దకొడుకు హైదరాబాదులో ఉద్యోగం, చిన్నకొడుకు ఇక్కడే వ్యవసాయం. పొలం, ఇల్లు, బంగారం పెద్దమనుషుల ముందు ఒకపూటలో తెమిలిపోయాయి. రేడియోగ్రామ్ దగ్గర ఆగింది. వకీలమ్మ గారు, "అది నాది. నాకోసమే తెచ్చిండు" అన్నారు. పెద్దకొడుకు లేచి లైసెన్సు పుస్తకం తెచ్చి పెద్దమనుషుల ముందు పెట్టాడు. "నాయన పేరు మీదున్నది. నాయన ఆస్తి అంటే అందరిది. నా వాటాల కట్టుండ్రి" అన్నాడు. పెద్దమనిషి ఒకాయన నా వైపు తిరిగి, "పోస్టు సారూ, ఇది మీ కాగితమే గద, ఏమంటవు?" అన్నాడు.

మిత్రులారా, ఆ లైసెన్సు సెట్టు పెట్టుకోవడానికి సర్కారు ఇచ్చే అనుమతి మాత్రమే. అది ఎవరి సొత్తో అందులో ఉండదు. సైకిలుకు బిళ్ళ కట్టించినవాడే దాని యజమాని అని ఎక్కడా లేదు. ఈ సంగతి అక్కడ నాకొక్కడికే తెలుసు. ఆమే రెండేళ్ళు డబ్బు కట్టిందని కూడా నాకే తెలుసు. కాని అది చెబితే, చనిపోయిన మనిషి పేరు మీద లైసెన్సు ఎట్లా కొత్త చేశావని అడుగుతారు. నాకు ఇరవై ఏడేళ్ళు, పెళ్ళయి ఆరు నెలలు. "పుస్తకంలో పేరు వకీలు సాబుదే" అన్నాను. అన్నది అబద్ధం కాదు.

వకీలమ్మ గారు నన్ను ఒక్క మాట అనలేదు. లేచి వెళ్ళి, పైనున్న ఎర్ర గుడ్డ తీసి మడిచి, చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు లారీ వచ్చింది. ఎక్కిస్తూ పెద్దకొడుకు ఆ మూడు గాట్లు చూసి, "ఎవరు గీకిండ్రు ఇది, ధర పడిపోతది" అని విసుక్కోవడం నేను విన్నాను. నేను మరునెల గది మార్చాను. 1983లో బదిలీ అయింది. ఆమె 1988లో పోయారని తెలిసినప్పుడు సెలవు పెట్టి రావచ్చు. రాలేదు.

తరువాతి సంగతులు మీకు తెలిసినవే. గల్ఫుకు పోయినవాళ్ళు టూ-ఇన్-వన్‌లు తెచ్చారు. వాటి మీది ప్లాస్టిక్ కాగితం, కంపెనీ స్టిక్కరు ఏళ్ళ తరబడి తీసేవాళ్ళం కాదు. 1970ల్లో వెండి రంగు ముఖంతో వచ్చిన ఆంప్లిఫయర్లు 1980లు వచ్చేసరికి నల్లబడ్డాయి. మన దేశంలో సోనోడైన్, కాస్మిక్ వాళ్ళవి పెళ్ళిచూపుల నాడు ముందుగదిలోకి జరిపి పెట్టేవారు.

మా అబ్బాయి హైదరాబాదులో ఇప్పుడొక స్టీరియో పెట్టించాడు. ధర వాడు చెప్పలేదు, కోడలు చెప్పింది. నా నాలుగేళ్ళ పింఛను. మనిషెత్తు స్పీకర్లు రెండు, పియానోకు వేసే నల్ల లాకరు. ఆంప్లిఫయరు ముఖానికి వేలు మందం అల్యూమినియం పలక. అమెరికా మెకింతోష్ వారి ఆంప్లిఫయర్లకయితే నల్లటి గాజు ముఖం, అందులో నీలం వెలుగు మీటర్లు. ఆ నీలం కోసమే కొనేవాళ్ళున్నారని మావాడే చెప్పాడు. నేను దగ్గరికి పోతే, "వేలిముద్రలు పడతాయి నాన్నా" అన్నాడు. మా ఆవిడ ఊరుకోకుండా దాని మీద ఒక లేసు గుడ్డ కప్పింది, వాడు తీసేశాడు, ఈమె మళ్ళీ కప్పింది. అంతా అయి విన్నాక చెబుతున్నాను, శబ్దం మాత్రం అద్భుతం. ఘంటసాల గారు గొంతు సవరించుకోవడం దగ్గర్నుంచి వినబడింది. నేను వెక్కిరించడం లేదు. ఆ మెరుపు మీద వాడికున్న మోజు, శీశం కట్టె అని కౌంటరులో చెప్పిన రైతు మోజు ఒకటే జాతి.

2019లో నాకొక ఫోను వచ్చింది. వకీలు సాబు పెద్దకొడుకు గారి అబ్బాయి. తండ్రి పోయాడట, ఫ్లాటు ఖాళీ చేస్తున్నారు. పాత బీరువాలను మందు సీసాల అలమారలుగా మార్చి అమ్మే వ్యాపారి ఒకాయన దీనికి ధర చెప్పాడట. రికార్డుల అరలో లైసెన్సు పుస్తకం కనబడింది, అందులో మన ఊరి ముద్ర, నా సంతకం. ఎవరినో అడిగి నా నంబరు పట్టాడు. "అంకుల్, ఇది మీకేమైనా పనికొస్తుందా?" అన్నాడు. వ్యాపారి చెప్పిన ఆరువేలే నేనూ ఇచ్చి తెచ్చుకున్నాను. మా ఆవిడ, "డి.ఏ. బకాయిలు వచ్చినయని నాకు చెప్పనేలేదే" అంది.

దాని స్థితి చెబుతాను, మీ ఇళ్ళల్లో ఇలాంటివి ఉంటే పనికొస్తుంది. మధ్యలో ఎప్పుడో ఒక వడ్రంగి పైభాగాన్ని మిషనుతో గీకాడు. ఆ రోజ్‌వుడ్ పొర మందం మిల్లీమీటరు కూడా ఉండదు, కింద ఉన్నది ప్లైవుడ్. పొర పోయేసరికి తప్పు దాచడానికి సన్‌మైకా అంటించి, దాని మీద టీవీ పెట్టారు. ముందు గుడ్డకు రంగు పూశారు. స్పీకరు ముందు గుడ్డ పలచగా, గాలి ఆడేటట్టు ఉండాలి. రంగు పూస్తే నోటికి చేయి అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టే. ఛేంజరు లేదు. రేడియో భాగం మాత్రం ఎవరికీ అక్కర్లేక అట్లాగే ఉంది.

పాత పాలిష్ ఏదో తెలుసుకోకుండా దాని మీద చేయి వేయకండి. కనబడని మూల ఒక్క బొట్టు స్పిరిటు వేసి చూడండి. జిగురుగా మెత్తబడితే అది లక్క. స్పిరిటుకు లొంగక థిన్నరుకు కరిగితే లాకరు. లక్క మీద వేడి గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది. చమత్కారమేమిటంటే పాత 78 రికార్డులు కూడా లక్కతోనే చేసేవారు, రాతిపొడి, మసి కలిపి. మన ఛోటానాగపూర్ అడవుల్లో లక్కపురుగు పెట్టిన జిగురే పెట్టె మీద మెరుపయింది, లోపల పాటయింది. అందుకే ఆ రికార్డులను స్పిరిటుతో తుడవకూడదు, పాట చెరిగిపోతుంది. డయలు అద్దం వెనకవైపు తడిగుడ్డ అసలే పెట్టకండి. అక్షరాలు ఉండేది ఆ వైపే, ఒక్క తుడుపుకు సిలోనూ ఢిల్లీ రెండూ పోతాయి.

ఇంకొకటి, ఇది ప్రాణానికి సంబంధించింది. ముప్పై ఏళ్ళు మూలపడిన వాల్వు సెట్టును ముచ్చటపడి తిన్నగా ప్లగ్గులో పెట్టకండి. లోపల కాగితపు కండెన్సర్లు చెడిపోయి ఉంటాయి, ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. లోపల రెండు వందల వోల్టుల పైనే ఉంటుంది. ఆపిన తరువాత కూడా కొంతసేపు పట్టి ఉంచుతుంది. తెలిసిన మెకానిక్ అయితే నూరు వాట్ల పాతరకం బల్బును వరుసలో కలిపి మొదట చూస్తాడు. బల్బు దేదీప్యమానంగా వెలిగితే లోపల ఎక్కడో షార్టు ఉన్నట్టు.

హైదరాబాదులో అటువంటి పెద్దమనిషి ఒకరు దొరికారు. కండెన్సర్లన్నీ మార్చారు. పాలిష్ చేసే అతను మాత్రం అద్దం కింద ఆ మూడు గాట్లు చూసి, "లప్పం పెట్టి పూడ్చేస్తా సార్, తెలియను కూడా తెలియదు" అన్నాడు. వద్దన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. పక్కలకు లక్క పాలిష్ చేయించి, పైభాగం సన్‌మైకా ఊడదీస్తే చెక్క పొరలు పొరలుగా లేచింది, అట్లాగే వదిలేశాను. చూడ్డానికి బాగుండదు.

2020 సంక్రాంతికి ఇక్కడ మా ఇంట్లో పెట్టాం. నిమిషం ఆగింది, అద్దం వెలిగింది. ముల్లును మొదటి గాటు దగ్గరికి తెచ్చాను. హైదరాబాదు కేంద్రం, 738, అదే చోట. 1950 ఏప్రిల్ 1న నిజాం గారి దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసింది, అప్పటి నుంచి ఎన్ని మారాయో, ఆమె గాటు తప్పలేదు. రెండో గాటు దగ్గర హోరు తప్ప ఏమీ లేదు. కాసేపు అక్కడే ఉంచాను.

ఆ సాయంత్రం చిన్నకొడుకు గారింటికి వెళ్ళాను. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట వాటాల నాడు నేను చెప్పనిది ఆయనకు చెప్పాను, పుస్తకం చూపించి, ముద్రలు చూపించి. ఆయనకూ ఇప్పుడు డెబ్బై దాటాయి. చాలాసేపు మాట్లాడలేదు. "నాకు తెలుసు సారూ. అమ్మ చెప్పింది. నీ నౌకరి పోతదని నన్ను నోరెత్తనీయలె" అన్నారు. నేను తలెత్తలేకపోయాను. ఆయన భార్య లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచిన చప్పుడయింది. ఎర్ర ఊలు గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒక మూల చిమ్మెట కొట్టింది, అంతే.

పైన చెక్క లేచిపోయిన చోటును ఆ గుడ్డ సరిగ్గా కప్పుతుంది. రేడియో పెట్టేటప్పుడు తీసి మడిచి పక్కన పెడతాను.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. ఒక్క మనవి. ఆ ఆకుపచ్చ కన్ను వాల్వు బాగా మసకబారింది, చీకట్లో తప్ప కనబడదు. దాని మీద ఇ.ఎమ్. 80 అని రాసి ఉంటుంది. మీ అటకల మీద పాత సెట్లు ఉంటే ఒకసారి వెనక మూత తీసి చూడండి. దొరికితే ఆదివారం మా ఇంటికి రండి, చాయ్ తాగుతూ ఇద్దరం కలిసి పెట్టి చూద్దాం.